నేలమీద తడబడే ఉత్తుత్తి విమానం

విమానం నడపడంలో ఏది కష్టం? ఆకాశంలో తిప్పడమా, నేలమీద తిప్పడమా? ఈ ప్రశ్న మీ తరగతిలో వేసి చూడండి. "ఇంకా అడగాలా? ఆకాశంలో తిప్పడమే కష్టం. నేలమీద ఏముంది, ఆటో నడిపినట్టే కదా!" అని నూటికి తొంభై మంది అంటారు.

సరే, ఒప్పుకుందాం. ఇప్పుడు ప్రశ్నను కొంచెం మారుద్దాం. అసలు విమానం కాదు, అచ్చం విమానంలాగే ప్రవర్తించే ఒక ఉత్తుత్తి విమానాన్ని తయారు చేయాలి. దాన్నే 'సిమ్యులేటరు' అంటారు. అది ఓ గదిలో నుంచి అంగుళం కూడా బయటికి కదలదు. కాని లోపల కూర్చున్న పైలటు నిజంగా ఎగురుతున్నాననే అనుకోవాలి. ఈ పనిలో ఏది కష్టం?

ఇక్కడ లెక్క తారుమారవుతుంది. మేఘాలలో ఎగురుతున్నట్టు భ్రమ కల్పించడం కాస్త సులువు. సిమెంటు నేలమీద మెల్లగా దొర్లుతూ ఓ మలుపు తిరిగినట్టు భ్రమ కల్పించడమే కష్టం! ఎందుకో చూద్దాం రండి.

ఉత్తుత్తి విమానం దేనికి?

అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు ఉండేవాడు. అతని తండ్రికి పియానోలు, ఆర్గన్ వాయిద్యాలు తయారు చేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్‌లోకి గాలి ఊదడానికి కమ్మరి కొలిమి తిత్తిలాంటి తిత్తులు ఉంటాయి. లింక్ ఆ తిత్తుల మీద ఓ చిన్న విమానం బొమ్మను నిలబెట్టాడు. తిత్తుల్లో గాలి నిండితే బొమ్మ లేస్తుంది, గాలి పోతే వాలుతుంది. 1929 నాటికి ఇది తయారయింది. మొదట్లో దాన్ని వినోద ప్రదర్శనలలో ఆటవస్తువుగానే చూశారు.

1934లో అమెరికా సైన్యానికి విమానాల్లో టపా మోసే పని అప్పగించారు. మంచులో, చీకట్లో, పరికరాలను నమ్మి ఎగరడం అలవాటు లేక పలువురు పైలట్లు చనిపోయారు. అప్పుడు సైన్యం లింక్ దగ్గర ఆరు బొమ్మ విమానాలు కొన్నది. ఆ పైన రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది పైలట్లు వాటి మీదే పాఠాలు నేర్చుకున్నారు.

మన దగ్గర కూడా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన కేంద్ర శిక్షణ సంస్థను హైదరాబాదులో నడిపింది. ఎయిర్‌బస్ వంటి పెద్ద విమానాల సిమ్యులేటర్లలో పైలట్లు అక్కడ తర్ఫీదు పొందేవారు. ఇంజను ఆగిపోయినా, మంట లేచినా ఏం చేయాలో ఆ గదిలోనే నేర్చుకోవచ్చు. తప్పు చేస్తే ఎవరికీ దెబ్బ తగలదు.

ఇప్పటి సిమ్యులేటర్లు ఎంత మెరుగయ్యాయంటే, అనుభవం ఉన్న పైలటు ఒక కొత్త రకం విమానాన్ని పూర్తిగా సిమ్యులేటరులోనే నేర్చుకోవచ్చు. ఆ రకం అసలు విమానంలో అతను మొదటిసారి కూర్చునేసరికి వెనక సీట్లలో ప్రయాణికులు ఉంటారు! పక్కన శిక్షకుడు ఉంటాడనుకోండి. అయినా ఉత్తుత్తి విమానం ఒక్క అబద్ధం నేర్పినా ఎంత ప్రమాదమో ఆలోచించండి.

నేలమీద విమానాన్ని తిప్పేది ఎవరు?

కర్నూలు జిల్లా పత్తికొండ టమోటాలకు పేరుపడ్డ ఊరు. అక్కడి విద్యార్థులు విమానం చూడాలంటే ఓర్వకల్లు వెళ్ళాలి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన ఆ విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు. మూడు రోజుల తర్వాత ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. రన్‌వే పొడవు 2000 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. అక్కడ దిగిన ఏటీఆర్-72 విమానాన్ని గమనిస్తే ముక్కు కింద చిన్న చక్రాల జత, నడుము దగ్గర పెద్ద చక్రాలు కనిపిస్తాయి.

అసలు విమాన చక్రాలకు మోటారు కారులోలాగ ఇంజను తగిలించి ఉండదు. ముందుకు నెట్టేది రెక్కల దగ్గరున్న ఇంజన్లే. మరి పక్కకు తిప్పేది ఎవరు? ముగ్గురున్నారు.

మొదటిది ముక్కు చక్రం. పైలటు పక్కన, చేతికందే చోట ఓ చిన్న పిడి ఉంటుంది. దాని పేరు టిల్లరు. దాన్ని తిప్పితే ముక్కు చక్రం తిరుగుతుంది. ఎయిర్‌బస్ ఎ320లో అది 75 డిగ్రీల దాకా తిరుగుతుంది. అదే విమానంలో కాలి దగ్గరి పెడళ్ళతో తిప్పితే మాత్రం 6 డిగ్రీలే తిరుగుతుంది. చేతి పిడి మెల్లగా వెళ్ళేటప్పుడు మలుపులు తిరగడానికి. పెడళ్ళు రన్‌వే మీద జోరుగా పరుగెత్తేటప్పుడు కొద్దికొద్దిగా సవరించుకోవడానికి. వేగం పెరిగిన కొద్దీ ముక్కు చక్రం తిరిగే కోణం తనంతట తనే తగ్గిపోయే ఏర్పాటు కూడా ఉంటుంది.

రెండవది బ్రేకు. కుడి చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తే విమానం కుడికి తిరుగుతుంది. ట్రాక్టరుతో దున్నే రైతు కొండ్ర చివర ఒకవైపు బ్రేకు మాత్రమే తొక్కి చటుక్కున తిప్పుతాడే, అదే కిటుకు.

మూడవది తోక మీది చుక్కాని. పడవ చుక్కాని నీటిని నెట్టినట్టు ఇది గాలిని నెడుతుంది. గాలి బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం మూడింతలైతే చుక్కాని బలం తొమ్మిదింతలు! అందుకే మెల్లగా దొర్లేటప్పుడు చుక్కాని ఉన్నా లేనట్టే. ఎగరబోయే ముందు మాత్రం పెత్తనమంతా దానిదే.

విమానాలు పుట్టిన తొలి రోజుల్లో చాలా విమానాలకు ముక్కు చక్రమే ఉండేది కాదు. తోక కిందే చిన్న చక్రమో, నేలను గీరుకుంటూ పోయే కర్రో ఉండేది. 1932 అక్టోబరులో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చిన రోజులవి. ఆ టపాను నెవిల్ విన్సెంట్ బొంబాయి నుంచి మద్రాసు తీసుకువెళుతూ మధ్యలో ఆగింది ఎక్కడనుకున్నారు? పత్తికొండకు పడమరగా ఉన్న బళ్ళారిలోనే!

టైరు చెప్పిన మాట వినదు

మరి సిమ్యులేటరులోని కంప్యూటరుకు ఈ ముగ్గురి పనీ నేర్పాలి. పైకి చూస్తే సులువైన లెక్కే. ముక్కు చక్రానికి, వెనక చక్రాలకు మధ్య దూరాన్ని, ముక్కు చక్రం తిరిగిన కోణం 'టాంజెంటు'తో భాగిస్తే మలుపు వ్యాసార్ధం వస్తుంది. ఏటీఆర్-72లో ఆ దూరం సుమారు 10.8 మీటర్లు. ముక్కు చక్రం 45 డిగ్రీలు తిరిగిందనుకోండి. టాంజెంటు 45 విలువ 1. కాబట్టి వ్యాసార్ధం కూడా 10.8 మీటర్లే. పదవ తరగతి లెక్క!

కాని ఇది చెక్కబండికి సరిపోయే లెక్క. రబ్బరు టైరుకు సరిపోదు. తొలకరి వాన పడ్డాక నల్లరేగడి బాటలో సైకిలు తొక్కినవారికి ఈ సంగతి బాగా తెలుసు. హాండిలు ఎంత తిప్పినా సైకిలు తన దారిన తాను నేరుగా జారిపోతుంది!

గట్టి నేలమీద కూడా, తక్కువ మోతాదులో, ఇదే జరుగుతుంది. టైరు తిరిగిన దిక్కు ఒకటి, అది నిజంగా పోయే దిక్కు మరొకటి. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను జారుడు కోణం అందాం. నేలను తాకిన రబ్బరు పక్కకు సాగుతుంది. సాగిన రబ్బరు వెనక్కు లాగుతుంది. విమానాన్ని తిప్పే బలం ఆ లాగుడులోనే ఉంది. జారుడు కోణం పెరిగితే కొంతవరకు బలమూ పెరుగుతుంది. ఒక హద్దు దాటాక రబ్బరు పట్టు వదిలేస్తుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా లాభం లేదు; బలం పెరగదు సరికదా, తగ్గుతుంది.

పైగా విమానం బరువులో ముక్కు చక్రం మోసేది దాదాపు పదో వంతే. బరువు తక్కువైతే పట్టూ తక్కువే. అందుకే జోరుగా పోతున్న విమానంలో ముక్కు చక్రాన్ని ఎక్కువగా తిప్పితే అది దొర్లడం మాని నేలను గీరుకుంటూ పోతుంది.

నేల తడిగా ఉంటే ఇంకో చిక్కు. ఒక వేగం దాటాక టైరు నీటిని పక్కకు తోయలేక నీటి పొర మీద తేలిపోతుంది. అమెరికాలో నాసా సంస్థకు చెందిన వాల్టర్ హార్న్ 1960 ప్రాంతాల్లో తన తోటివారితో కలిసి దీన్ని పరిశోధించి ఒక సూత్రం చెప్పాడు. టైరులో గాలి చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్లో చూసి, దాని వర్గమూలాన్ని సుమారు 16.7తో గుణించండి. తేలిపోయే వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. 36 పౌండ్ల గాలి పట్టిన కారు టైరుకు వర్గమూలం 6; అంటే గంటకు 100 కిలోమీటర్లు. పెద్ద విమానం టైరులో దాదాపు 200 పౌండ్లు ఉంటుంది. లెక్క సులువు కోసం 196 అనుకుందాం. వర్గమూలం 14, వేగం సుమారు 234. ఎ320 నేల వాలే వేగం సాధారణంగా ఇంతకంటే కొంచెం ఎక్కువే! వాన నిలిచిన రన్‌వే అంటే పైలట్లు ఎందుకు జాగ్రత్త పడతారో తెలిసిందా?

సున్నతో భాగహారం

ఇంకో తమాషా చూడండి. జారుడు కోణం కనుక్కోవాలంటే, టైరు పక్కకు పోయే వేగాన్ని ముందుకు పోయే వేగంతో భాగించాలి. విమానం మెల్లగా వచ్చి ఆగిపోయింది. ముందుకు వేగం ఎంత? సున్న! సున్నతో భాగించకూడదని మీ లెక్కల మాస్టారు ఎన్నిసార్లు చెప్పి ఉంటారు? కంప్యూటరుకూ అదే గతి. సున్నకు దగ్గరైన కొద్దీ జవాబు అటూ ఇటూ ఎగిరిపడుతుంది. సరిగా రాయని ప్రోగ్రాములో, నిలబెట్టిన విమానం గజగజ వణుకుతుంది, లేదా బ్రేకు వేసి ఉన్నా పక్కకు పాకుతుంది.

ఇళ్ళలో కంప్యూటరు మీద ఆడుకునే విమానాల ఆటలలో ఈ వింతలు చాలామంది చూసే ఉంటారు. పైగా ఇంట్లోని జాయ్‌స్టిక్‌కు టిల్లరు వేరుగా, పెడళ్ళు వేరుగా చాలాసార్లు ఉండవు. రెండు పనులూ ఒక్క మెలితో చేయాలి. విమానం అయితే మలుపు తిరగనని మొండికేస్తుంది, లేకపోతే బొంగరంలా తిరుగుతుంది.

గాలిలో ఈ బెడద ఎందుకు లేదు? ఎగిరే విమానం ఆగదు కనుక. దాని వేగం ఎప్పుడూ సున్నకు దూరంగానే ఉంటుంది. గాలి బలాలు కూడా మామూలు ఎగురుడులో మెల్లమెల్లగా మారతాయి. రబ్బరులాగ పట్టుకోవడం, చటుక్కున వదిలేయడం ఉండదు.

చెవిని నమ్మించడం

లెక్క కుదిరిందనుకుందాం. ఇక పైలటు శరీరాన్ని నమ్మించాలి. ఆర్టీసీ బస్సు మలుపు తిరిగేటప్పుడు మీరు పక్కవాడి మీద పడతారు కదూ? విమానం ఆకాశంలో మలుపు తిరిగేటప్పుడు అలా పడరు. ఎందుకంటే విమానం ఒక పక్కకు ఒరిగి తిరుగుతుంది. బరువంతా నేరుగా సీటు మీదికే వస్తుంది. సరిగ్గా తిప్పితే గ్లాసులో నీళ్ళు కూడా తొణకవు.

నేలమీద విమానం ఒరగలేదు. కాబట్టి బస్సులోలాగే పైలటును పక్కకు తోస్తుంది. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 5 మీటర్లతో, 25 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగిందనుకోండి. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే త్వరణం 1 వస్తుంది. ఇది భూమి ఆకర్షణలో దాదాపు పదో వంతు. మలుపు ఉన్నంతసేపూ ఈ తోపు ఉండాలి.

సిమ్యులేటరు గది ఆరు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. కాళ్ళు సాగుతాయి, ముడుచుకుంటాయి. ఈ ఆరు కాళ్ళ ఏర్పాటు ఎలా వచ్చిందో తెలుసా? 1954లో ఇంగ్లండులోని డన్‌లప్ కంపెనీలో ఎరిక్ గాఫ్ అనే ఇంజనీరు టైర్లను పరీక్షించడానికి ఇలాంటి యంత్రం చేశాడు! 1965లో స్టీవర్ట్ అనే ఇంజనీరు ఇటువంటి ఏర్పాటు విమాన సిమ్యులేటరుకు పనికివస్తుందని ఒక వ్యాసంలో వివరించాడు.

ఆ కాళ్ళు సాగేది ఓ మీటరో, ఒకటిన్నర మీటరో. అంత చోటులో గదిని పక్కకు తోస్తూ పోవడం ఒకటి రెండు సెకన్లకు మించి కుదరదు. అందుకని ఒక ఉపాయం చేస్తారు. గదిని 6 డిగ్రీలు పక్కకు వంచుతారు. అప్పుడు పైలటు సొంత బరువులోనే పదో వంతు అతన్ని పక్కకు లాగుతుంది. కళ్ళ ముందున్న తెర మీద నేల సమంగానే కనిపిస్తుంది కనుక, అది మలుపు తోపే అనుకుంటాడు.

కాని మన లోపలి చెవిలో మూడు అర్ధవలయ నాళాలున్నాయి. గది గబుక్కున వంగితే అవి పసిగట్టేస్తాయి. అందుకని సెకనుకు రెండు మూడు డిగ్రీలకు మించకుండా మెల్లగా వంచాలి. నేలమీద మలుపు తోపు మాత్రం టిల్లరు తిప్పగానే వచ్చేస్తుంది! త్వరగా వంచితే చెవి పట్టేస్తుంది. మెల్లగా వంచితే ఆలస్యమవుతుంది. ఈ ఇరకాటం నుంచి పూర్తిగా బయటపడడం గదిలో సాధ్యం కాదు.

కన్ను మోసం కూడా నేలమీద కష్టమే. పది కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే పొలాలు పచ్చని మరకలు. అటూ ఇటూ అయినా తెలియదు. నేలమీద ఉన్నప్పుడు పసుపు గీత నాలుగు మీటర్ల కిందే ఉంటుంది. ఒక్క అడుగు తేడా వచ్చినా కన్ను పట్టేస్తుంది. పైగా పైలటు ముక్కు చక్రానికి ముందే కూర్చుని ఉంటాడు. మలుపు గీత తన కిందనుంచి దాటిపోయాక గాని టిల్లరు తిప్పకూడదు. ముందే తిప్పితే వెనక చక్రాలు మూలను కోసుకుంటూ మట్టిలోకి దిగుతాయి. టమోటా గంపలతో పత్తికొండ సందుల్లో తిరిగే లారీ డ్రైవరు, వెనక చక్రం మూలరాయికి తగలకుండా ముందుకు పోయి తిప్పడం చూశారా? అదే సూత్రం.

డెన్వర్‌లో నాలుగు సెకన్లు

ఇదంతా ఇంజనీర్ల ముచ్చట అనుకోకండి. 2008 డిసెంబరు 20న అమెరికాలోని డెన్వర్ నగరంలో కాంటినెంటల్ కంపెనీ బోయింగ్ 737 విమానం ఎగరడానికి రన్‌వే మీద పరుగు మొదలుపెట్టింది. అందులో 115 మంది ఉన్నారు. ఎడమ పక్కనుంచి బలమైన గాలి వీస్తోంది. ఆ గాలి జోరు ఒక దశలో గంటకు సుమారు 83 కిలోమీటర్లు. గాలి పక్కనుంచి తగిలితే తోకను నెడుతుంది. ముక్కు గాలివైపు తిరుగుతుంది. ఇంటి కప్పు మీద గాలికోడి తిరిగినట్టే. కెప్టెను కుడి పెడలు తొక్కి సరిచేస్తున్నాడు. ఇంతలో గాలి ఇంకా విజృంభించింది. విమానం ఎడమకు లాగేసింది. రన్‌వే దిగి, గడ్డిలో పడి, మంటలు అంటుకున్నాయి. ఎంతోమంది గాయపడ్డారు. అదృష్టవశాత్తూ ఒక్కరూ చనిపోలేదు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి విచారణ జరిపి 2010లో నివేదిక ఇచ్చింది. రన్‌వే దిగిపోవడానికి సుమారు 4 సెకన్ల ముందు కెప్టెను కుడి పెడలు తొక్కడం మానేశాడనీ, అంత గాలి అతని శిక్షణకూ అనుభవానికీ మించినదనీ తేల్చింది. అంతటితో ఆగలేదు. పైలట్లు నేర్చుకున్న సిమ్యులేటర్లలో ఉధృతంగా విసిరి విసిరి కొట్టే పక్కగాలిని సరిగా చూపించకపోవడం కూడా ప్రమాదానికి తోడ్పడిందని చెప్పింది. సిమ్యులేటరులో పక్కగాలి ఉండేది. కాని నిజమైన గాలిలాగ నేలకు దగ్గరలో అల్లరి చేసేది కాదు. నేలమీది నిజమైన గాలులను కొలిచి, వాటిని సిమ్యులేటర్లకు నేర్పాలని మండలి సిఫారసు చేసింది.

అందుకే పెద్ద సిమ్యులేటర్లను వాడుకలోకి తెచ్చేముందు వాటికీ పరీక్షలు పెడతారు. అసలు విమానంలో కొలిచిన అంకెలతో సరిపోలితేనే ఉత్తీర్ణత! ఆ పరీక్షల పట్టికలో మొట్టమొదటిది ఏమిటనుకున్నారు? ఎగరడం కాదు, దిగడం కాదు. నేలమీద ఎంత చిన్న వలయంలో తిరగగలదో చూడడం. వ్యాసార్ధంలో తేడా 0.9 మీటరు లేదా 20 శాతం మించకూడదు. రెండవ పరీక్ష, ముక్కు చక్రం ఎంత తిప్పితే విమానం ఎంత జోరుగా తిరుగుతుందో చూడడం. నేలమీది నడకను ఎవరూ చిన్నచూపు చూడడం లేదన్నమాట.

మీరే చేసి చూడండి

ఒక మూర దారానికి చిన్న రాయి కట్టండి. ఒక అట్టముక్క మీద కోణమానినితో డిగ్రీలు గీసుకుని, దారాన్ని దాని మధ్యలో వేలాడదీయండి. బస్సు కదలకుండా ఉన్నప్పుడు రాయి సున్న దగ్గర నిలవాలి. అట్టను బస్సు వెడల్పుకు సమాంతరంగా పట్టుకుని కూర్చోండి. చేతులు కిటికీ బయట పెట్టవద్దు సుమా!

బస్సు మలుపు తిరుగుతున్నప్పుడు రాయి ఎటు పోయింది? ఎన్ని డిగ్రీలు? ఆ కోణం టాంజెంటును 9.8తో గుణిస్తే, మిమ్మల్ని తోసిన త్వరణం తెలుస్తుంది. సిమ్యులేటరు గదిని సరిగ్గా ఆ కోణానికే వంచుతారు. వేర్వేరు మలుపులలో కొలిచి పట్టిక వేయండి. చిన్న మలుపు, పెద్ద మలుపు; మెల్లని బస్సు, జోరు బస్సు. దేనివల్ల కోణం ఎక్కువ మారిందో చూడండి.

ఇంకొక పని. రాయి పక్కకు పోవడానికి ఎంతసేపు పట్టిందో మీ స్నేహితుణ్ణి గడియారంతో చూడమనండి. 6 డిగ్రీలకు రెండు సెకన్లకంటే తక్కువ పట్టిందా? అయితే అదే మలుపును సిమ్యులేటరు గదిలో, మీ చెవికి తెలియకుండా, చూపించడం కుదరదు.